నవ్వితే ఎక్కే గాజు

నగర్తపేట గాజుల వెంకటరాయప్ప అబద్ధం చెప్పకుండా ఒక్క గాజు కూడా తొడిగి ఎరగడు. ఇది అతని మీద నింద కాదు, అతని పని పద్ధతే అది.

ఆడమనిషి చెయ్యి చాచగానే గుప్పిట బిగుసుకుంటుంది. గాజు పగులుతుందని భయం, గీసుకుంటుందని భయం. బిగిసిన చేతికి గాజు ఎక్కదు. అందుకని వెంకటరాయప్ప ఆ చేతిని తన మోకాలి మీది తడి తువ్వాలు మీద పెట్టుకుని, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ళ మొదళ్ళను మెల్లగా ఒత్తుతూ కథ ఎత్తుకుంటాడు. వింటూ వింటూ ఆ మనిషి ఎక్కడో ఒకచోట నవ్వుతుంది. నవ్విన క్షణంలో చేతిలోని ఎముకలన్నీ కాస్త సందు ఇస్తాయి. ఆ సందులో గాజు మెటికలు దాటిపోతుంది. "అయ్యో, ఎక్కేసిందా!" అని ఆమె చూసుకునేసరికి రెండోది వేళ్ళ దగ్గర కాచుకుని ఉంటుంది.

ఆ రోజు శ్రావణ గురువారం. తెల్లవారితే ఇంటింటా పూజలు. అంగడి అరుగు మీద ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ కూర్చున్నారు. వెంకటరాయప్ప ఎదురుగా చిక్కపేట నుంచి వచ్చిన లావుపాటి ఆమె ఒకతె, తన చెయ్యి చిన్నదేనని వాదిస్తూ ఉంది.

"చిన్నదే తల్లీ, ఎవురు కాదన్నారు? నీ చెయ్యి ఒక చెయ్యా? గరడిలో కుస్తీ పట్టే పైల్వాన్ గంగప్ప పెండ్లాం చెయ్యి చూసుంటే ఈ మాట అనవు. రాగి ముద్ద చూసినావు కదా, ఒకరు తినేది కాదు, పెండ్లి ఊటకి ఊరంతా తినేదానికి కెలికేది. అట్లుంటుంది. అంత పెద్ద రెండూ ఎనిమిది సైజు గాజే వేళ్ళ దగ్గర నిలబడి, నా వల్ల కాదప్పా అనేసింది. ఆ మహాతల్లి నాకు రెండూ నాలుగే కావాలని మొండిపట్టు పట్టె."

"తొడిగినావా తాతా?"

"ఏనుగు కథ చెప్పి తొడిగినా. హొసకోటె తేరునాడు ఏనుగు తొండానికి గాజు తొడిగినా కదా, నీకు తెలీదా? తొడిగి ఇట్ల తిరిగినానో లేదో, అది తుమ్మింది చూడు! గాజు ఎగిరిపొయ్యి మాలూరులో బావి కాడ నీళ్ళు చేదుతా ఉండిన ఒకామె చేతికి పొయ్యి పట్టేసింది. ఆమె ఇంగా అడుగుతానే ఉండాది, సరే ఈ చేతికైతే అయింది, ఇంకో చేతికి ఎవురు తుమ్ముతారప్పా అని."

లావుపాటి ఆమె భుజాలు కదిలేలా నవ్వింది. గాజు ఎక్కింది.

"ఆ పైల్వాన్ పెండ్లాం నలభై ఏండ్లుగా నా కంట పడకుండా ఎట్ల వచ్చిపోయిందో!" లోపలి గుమ్మంలోంచి సొన్నమ్మ గొంతు వినిపించింది. సొన్నమ్మ వెంకటరాయప్ప భార్య. పెళ్ళయిన మొదటి ఏడాది నుంచి ఆమె ఈ కథను నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, చెప్పిన ప్రతిసారీ నమ్మలేదని పైకి చెబుతూనే ఉంది.

ఆమె వెనక మేడమెట్ల మీద కోడలు ఆశ కూర్చుని, పచ్చటి మట్టిగాజులను సైజువారీగా దారానికి ఎక్కిస్తూ ఉంది. ఏడో నెల పడింది. కడుపు ఒళ్ళో కుదురుగా కూర్చుంది. చీర కొంగు మాత్రం ఎడమవైపు ఎప్పుడూ జారిపోతుంటుంది. అక్కడ కొంగును ఆపే ఎత్తు ఇప్పుడు లేదు. పోయిన నెలలో పెద్దాసుపత్రిలో ఆవైపు రొమ్ము తీసేశారు. జారినప్పుడల్లా ఆశ కొంగును సర్దుకుంటుంది, ఎవరూ చూడనట్టే అందరూ పక్కకు చూస్తారు.

గడ్డ మొదట కనిపించింది సొన్నమ్మకే, తలంటి పోస్తుంటే. పాలగడ్డ అనుకుంది. చిన్న వయసు, తొలిచూలు, పాలు దిగే కాలం, ఇంకేమనుకుంటుంది? వేడి గుడ్డ కాపడం పెట్టింది. వీధి చివరి డాక్టరూ అదే అన్నాడు. పెద్దాసుపత్రి ఛాయాదేవి డాక్టరమ్మ మాత్రం చేత్తో తడిమి ఊరుకోలేదు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సర్ అని తేలింది. కడుపుతో ఉన్నవాళ్ళకూ వస్తుందని, పాలగడ్డ అనుకుని చాలామంది ఆలస్యం చేస్తారని ఆమె చెప్పినప్పటి నుంచి సొన్నమ్మ ఇంట్లో కాపడం గుడ్డ కనిపించలేదు. ఎక్కడో పారేసింది.

"రేపు శ్రీమంతంలో ఆశకు కుడిచేతికి మాత్రమే," అన్నది సొన్నమ్మ, మొగుడి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి. "చంకలో గడ్డలు తీసేసినారు కాబట్టి ఎడమచెయ్యి వాస్తుందంట. సూదొద్దు, బీపీ పట్టీ వద్దు, గాజు వద్దు, ఎప్పటికీ వద్దు అనింది డాక్టరమ్మ. గుర్తుండాదా?"

"ఉండాదిలే మే. నాకేమన్నా చెవుడా?"

"చెవుడుంటే బాగుండు. వింటావు, వినీ నీ ఇష్టమొచ్చినట్ల చేస్తావు."

శ్రీమంతానికి నిజానికి ఇంకా తొందర లేదు. కానీ సోమవారం ఆశకు మొదటి మందు ఎక్కించాలి. అది ఎక్కితే రెండు మూడు వారాలకు జుట్టు రాలిపోతుందని చెప్పారు. జడ ఉండగానే పూలజడ వెయ్యాలని సొన్నమ్మ పట్టుపట్టింది. మందులన్నీ కాన్పుకు ముందే ముగియాలి, కాబట్టి సోమవారం జరపడానికి లేదు. ముందుకు జరపగలిగింది శ్రీమంతమే.

"ఏం ఆశమ్మా, సోమవారం పొద్దున్నే పోదామా? రామాంజిని లీవు పెట్టమని చెప్పేదా?" అన్నాడు వెంకటరాయప్ప. రామాంజి వాళ్ళ కొడుకు, ఆశ భర్త, బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్కు.

"చూద్దాం మామా," అన్నది ఆశ, దారం ముడి వేస్తూ.

ఆ మాట ఆమె వారం రోజులుగా అంటోంది. వెంకటరాయప్ప దాన్ని పట్టించుకోలేదు. అబద్ధాలు చెప్పడంలో ఆరితేరినవాడికి, ఎదుటి మనిషి నిజం దాచుకోవడం అంత త్వరగా తెలియదు.

*

శుక్రవారం పొద్దున మేడ మీది గది నిండా మల్లెపూల వాసన. ఆశకు పూలజడ వేశారు. పీట మీద కూర్చోబెట్టి చెంపలకు పసుపు రాశారు. ముళబాగిలు నుంచి ఆశ వాళ్ళమ్మ చీరా సారే తెచ్చింది. సాయంత్రానికి ఆశను పుట్టింటికి తీసుకుపోవడం వాడుక. ఈసారి మందు తరువాతనే అని సొన్నమ్మ చెప్పింది. ఆశ తల్లి సరే అని, తను ఆదివారందాకా ఉంటానన్నది. ఆశ మాత్రం తల్లి తెచ్చిన సంచివైపు చూసింది.

కోడలికి మామ గాజులు తొడగడమేమిటని ఎవరో నవ్వారు.

"ఈ పీట మీద కూర్చున్నంతసేపు నేను మామను కాను, గాజులోణ్ణి," అన్నాడు వెంకటరాయప్ప, తువ్వాలు తడిపి పిండుతూ. "లేచినాక మళ్ళీ మామనే. అప్పుడు కాఫీ అడుగుతా."

కుడిచెయ్యి పట్టుకున్నాడు. పచ్చగాజులు ఒకటి వెనక ఒకటి ఎక్కాయి. మోచేతి దిగువదాకా నిండింది చెయ్యి. కడుపులో బిడ్డ వినాలని తొడిగే గాజులు ఇవి. కాన్పయ్యేదాకా తియ్యకూడదు, అవి పగలకూడదు. ఆశ చెయ్యి ఆడించి చూసుకుంది. గలగలమన్నాయి. అత్తవైపు చూసి నవ్వింది. అందరూ అక్షింతలు చల్లారు.

అంతలో వెనక కూర్చున్న ఒకామె పక్కామెతో అన్నది, గుసగుస అనుకుని గట్టిగానే: "ఒక చెయ్యి బోడిగా పెట్టుకోని శ్రీమంతమేమి? చూసేదానికే బేజారుగా ఉండాది."

ఆశ ఎడమచెయ్యి కొంగు కిందికి పోయింది. దాన్ని ఆమె దాచుకున్న తీరు వెంకటరాయప్ప చూశాడు. కొంగు సర్దుకున్నట్టే, ఎవరూ చూడకూడదన్నట్టే.

అతనికి ఎక్కడో గుచ్చుకుంది. తన ఇంటి పిల్ల, గాజుల వెంకటరాయప్ప కోడలు, బోడిచేత్తో! డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. కానీ డాక్టరమ్మ చెప్పింది బజార్లో ఎవడో పీకి తోసి గీసి తొడిగే వాళ్ళ సంగతి కదా. ఆమె తన చెయ్యి చూసిందా? ఈ చేత్తో తొడిగితే గాజు ఎక్కినట్టు గాజుకే తెలియదు.

"ఎడమచెయ్యి ఇట్లియ్యమ్మా."

"ఒద్దు!" అన్నది సొన్నమ్మ.

"సుమ్మనుండు మే. ఒక గీత పడిందా, నా పేరు మార్చుకుంటా."

అందరూ ఆశ వద్దంటుందనుకున్నారు. ఆశ చెయ్యి చాచింది. ఎవరూ అడగకముందు నుంచే చాచాలని ఉన్నట్టు, ఆత్రంగా చాచింది. సొన్నమ్మ మొగుడి చెయ్యి పట్టుకోబోయి ఆగింది. నలుగురి ముందు ఆ సంతోషాన్ని ఎట్లా పాడుచెయ్యడం?

రెండూ ఆరు వదులుగా ఉండేవి. కానీ వదులు గాజు గాజులవాడికి అవమానం. రెండూ నాలుగే తీశాడు. ఏనుగు తుమ్మింది, మాలూరు బావి దగ్గరి ఆమె ఇంకో చేతికి ఎవరు తుమ్ముతారని అడిగింది, ఆశ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. గాజులు ఎక్కాయి. ఒకదానికి అతుకు దగ్గర చిన్న మొన ఉండిపోయింది. అది బొటనవేలి మొదట్లో తగిలి, ఆవగింజంత రక్తం లేచింది. వెంకటరాయప్ప దాన్ని బొటనవేలితో తుడిచేశాడు. అతను తప్ప ఎవరూ చూడలేదు.

రెండు చేతులూ నిండుగా ఒళ్ళో పెట్టుకుని ఆశ కూర్చుంది. వెనక కూర్చున్నామె కూడా, "ఇప్పుడు లచ్చణంగా ఉండాది," అన్నది.

*

శనివారం సాయంత్రం ఎడమచెయ్యి కొంచెం బరువుగా ఉందని ఆశ అన్నది. పూజ అలసట అనుకున్నారు. ఆదివారం పొద్దున ఆమె మంచం మీద నుంచి లేవకుండా, "మామా, ఒకసారి వస్తావా?" అని పిలిచింది. అత్తా అనలేదు, మామా అన్నది.

వెంకటరాయప్ప పోయి చూశాడు. చెయ్యి ఆశది కాదు. వేళ్ళు అరటిపళ్ళలా ఉబ్బాయి. గాజులు మాంసంలోకి దిగిపోయి, వాటి మధ్య చర్మం ఎర్రగా పొంగింది. బొటనవేలి మొదటి నుంచి ఆ ఎరుపు పైకి పాకుతూ ఉంది. తాకితే కాలింది.

అతను పనివాడు కాబట్టి ముందు పని చేశాడు. సబ్బు నురగ పెట్టాడు. ఆముదం రాశాడు. గాజు కింద పట్టుదారం దూర్చి, చేతికి చుట్టి లాగి చూశాడు. చెయ్యి పైకెత్తి దిండు మీద పెట్టించి, వాపు దిగుతుందేమోనని కాచుకున్నాడు. ఒక్క గాజు కదల్లేదు. ఆశ పళ్ళు బిగబట్టి గోడకేసి చూస్తూ ఉంది.

రామాంజి కింద ఎస్టీడీ బూత్ నుంచి ఆసుపత్రికి ఫోన్ చేసి పరుగున వచ్చాడు.

"డాక్టరమ్మ దొరికింది నాయినా. గాజులన్నీ ఇప్పుడే తీసెయ్యాలంట, తీసి వెంటనే తీసుకొని రమ్మనింది. చీము పట్టి పైకి పోతే రేపటి మందు ఇయ్యలేరంట. ఇంగా ఆలస్యమైతే కాన్పులోపల మందులు పూర్తి కావంట."

"తియ్యాలంటే?" అన్నది సొన్నమ్మ.

రామాంజి తన పనిసంచిలోంచి కటింగ్ ప్లయర్ తీసి మంచం మీద పెట్టాడు.

సొన్నమ్మ ఆ ప్లయర్‌ను పక్కకు తోసింది. "కడుపుతో ఉండే పిల్ల చేతి పచ్చగాజులు పగలగొడతారా? ఎవురన్నా చేస్తారా ఆ పని? మొగుడు పక్కనే నిలబడి ఉండగా?" అన్నది. "నేను చూడలేను. నా కండ్లతో నేను చూడలేను."

వెంకటరాయప్ప ప్లయర్ చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. తన వయసులో ఎన్ని చేతులు! పెళ్ళిళ్ళవి, శ్రీమంతాలవి, పసిపిల్లలవి. గాజులు పగలగొట్టే ఇంటికి గాజులవాణ్ణి ఎవరూ పిలవరు. ఆ పని అతను ఒక్కసారీ చెయ్యలేదు.

"పగలగొట్టు మామా," అన్నది ఆశ.

"అమ్మణ్ణీ..."

"నువ్వే తొడిగినావు కదా. నువ్వయితే గీసుకోకుండా తీస్తావు. వేరే ఎవురి చేతికీ ఇయ్యను."

అతను తడి తువ్వాలును సన్నగా చింపి, ఒక్కో గాజు కిందా చర్మానికీ గాజుకీ నడుమ దూర్చాడు. పైన ఇంకో గుడ్డ కప్పాడు, పెంకు ఎగరకుండా. ప్లయర్‌తో గాజు పట్టుకున్నాడు.

"కథ చెప్పు మామా. అట్ల చూడకుండా కథ చెప్పు."

వెంకటరాయప్ప నోరు తెరిచాడు. ఏనుగు రాలేదు. పైల్వాన్ పెండ్లాం రాలేదు. మాలూరు ఎక్కడుందో కూడా గుర్తు రాలేదు. ఇన్నేళ్ళ అబద్ధాలు ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి. గుడ్డ కింద టిక్కుమన్నది. ముక్క తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ టిక్కుమన్నది. చూడలేనన్న సొన్నమ్మే దగ్గరికొచ్చి, ఏడుస్తూనే, ముక్కలు నేల మీద పడకుండా కొంగు పట్టింది.

చివరి గాజు పోయాక చెయ్యి నిండా ఎర్రటి గాడులు మిగిలాయి. కొత్తగా మాత్రం ఒక్క గీత పడలేదు. ఆశ ఆ గాడులను ఒక్కొక్కటే చూసుకుంది. తరువాత కుడిచేత్తో అత్త చెయ్యి పట్టి లాగి తన కడుపు మీద పెట్టుకుంది.

"చూడత్తా."

సొన్నమ్మ అరచేతి కింద లోపలి నుంచి ఒక తాపు తగిలింది. వెంటనే ఇంకొకటి.

"ఎప్పటి మాదిరే తంతా ఉండాది," అన్నది ఆశ. "ఇన్ని పగిలినా." ఆమె గొంతులో ఆశ్చర్యం ఉంది. "మామా, పోదాం. రేపు మందు కూడా ఎక్కించుకుంటా."

"పోయేదానికే కదా తల్లీ మొదట్నించీ..."

"లేదు మామా. నేను పోకూడదనే ఉంటి. ఎర్రమందంట, నరంలోకి ఎక్కిస్తారంట, బిడ్డకు తగలకుండా ఎట్లుంటుంది అనుకుంటి. డాక్టరమ్మ ఈ నెలల్లో ఇయ్యొచ్చు, స్కాన్‌లో బిడ్డను చూసుకుంటానే ఇస్తామనింది. నేనే నమ్మలేదు. ఈ పొద్దు అమ్మతో పాటు ముళబాగిలుకు పొయ్యి, కాన్పయ్యేదాకా రాకూడదనుకుంటి. గాజులు రెండు చేతులకీ నిండుగా పగలకుండా ఉంటే నాకేమైనా కానీ, బిడ్డ దక్కుతుందని మొక్కుకుంటి. అందుకే అడగ్గానే చెయ్యి ఇచ్చినా."

మూల నిలబడ్డ ఆశ తల్లి, పొద్దున్నే కట్టిపెట్టుకున్న సంచిని కాలితో మంచం కిందికి తోసింది.

*

ఛాయాదేవి డాక్టరమ్మ ఆశ చెయ్యి పట్టి చూసింది. ఎరుపు ఎక్కడిదాకా పోయిందో చర్మం మీద పెన్నుతో గీత గీసింది. కడుపుతో ఉన్నవాళ్ళకు పడే మందులే రాసి, ఆశను ఆసుపత్రిలో ఉంచుకుంది. తరువాత తలెత్తి, "ఎవరు తొడిగారు?" అన్నది.

రామాంజి ఏదో చెప్పబోయాడు. "నేనే తల్లీ," అన్నాడు వెంకటరాయప్ప. "గాజులోణ్ణి. నా చెయ్యి మంచిదని నా పొగరు."

"తీసింది ఎవరు?"

"అదీ నేనే."

ఆమె ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూసింది. "తొడగకుండా ఉండాల్సింది. చెప్పాను కదా, బిగుతే కాదు, చిన్న గీత పడినా ఈ చెయ్యి తట్టుకోలేదు. కానీ తీసి తేవడంలో ఆలస్యం చెయ్యలేదు, అది మేలయింది. సోమవారం కుదరదు. ఈ గీత దాటి ఎరుపు పైకి పాకకుంటే శుక్రవారం ఎక్కిద్దాం. ఆ కొద్ది రోజులు మనకు ఉన్నాయి." కాస్త ఆగి, ఆశతో అన్నది: "శుక్రవారం ఎక్కించుకుంటావా, పుట్టింటికి పోతావా?"

ఆశ నివ్వెరపోయింది. "మీకెట్ల తెలుసు మేడమ్?"

"నా ముందు 'చూద్దాం' అన్నవాళ్ళు చాలామంది పుట్టింటికే పోయారమ్మా."

ఎరుపు ఆ గీతను దాటలేదు. రోజు రోజుకూ గీతకు దూరంగా, వేళ్ళవైపు దిగిపోయింది. వెంకటరాయప్ప ప్రతి పూటా వచ్చి అంగడి లెక్క చూసినంత శ్రద్ధగా ఆ గీతను చూసి, డాక్టరమ్మ గది వైపు తిరిగి ఒక దండం పెట్టి పోయేవాడు. గది తలుపు మూసి ఉన్నా పెట్టేవాడు. శ్రావణం గిరాకీ ఎట్లుందని ఎవరైనా అడిగితే, "ఎర్రగా ఉండింది, ఇప్పుడు తగ్గతా ఉండాది," అనేవాడు.

శుక్రవారం స్కాన్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. ఆశను పొడుగాటి గదిలో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. స్టాండుకు సీసా తగిలించాక నర్సు వచ్చి కుడిచెయ్యి పట్టుకుని, మోచేతి దిగువదాకా ఉన్న పచ్చగాజులు చూసి నిట్టూర్చింది.

"ఇవి తియ్యాలి. ఎడమచేతికి సూది వెయ్యకూడదు కదా. ఈ చేతికే నరం దొరకాలి."

సొన్నమ్మ మొహం పాలిపోయింది. ఒక చేతివి పగిలాయి, సరే. మిగిలింది ఈ చెయ్యి. కాన్పయ్యేదాకా తియ్యకూడనివి. ఆమె మొగుడివైపు చూసింది. అరుస్తుందనుకున్నాడు వెంకటరాయప్ప. ఆమె అరవలేదు. మంచం అంచున కూర్చుని, కోడలి చేతి పక్కనే తన కుడిచెయ్యి చాచి పెట్టింది.

"పగలగొట్టొద్దు. కింద పెట్టొద్దు. ఆ చేతినించి ఈ చేతికి ఎక్కించు. చేతినించి చేతికి పోతే తీసినట్ల కాదు. బిడ్డ పుట్టేదాకా ఆశ గాజులు నేను తొడుక్కుంటా."

"మే, ఇవి రెండూ నాలుగు. నీకు రెండూ ఆరు తొడిగేదానికే సబ్బు కావాల."

"నలభై ఏండ్లుగా పైల్వాన్ పెండ్లానికి తొడిగినావు. పెండ్లానికి తొడగలేవా?"

పక్క మంచం మీద తలకు గుడ్డ కట్టుకున్న ఆమె కిసుక్కుమన్నది. నర్సు వాచీ చూసుకుని, "బిరిన కానీ తాతా," అన్నది, అని తనే సబ్బు తెచ్చి ఇచ్చింది.

ఆశ చేతి నుంచి గాజు తీయడం తొడగడం కంటే నిదానం పని. ఇన్నేళ్ళలో అతను చెయ్యని పనే అది కూడా. మొదటి గాజు వేళ్ళు దాటి వచ్చి, గాలి తగలకుండానే సొన్నమ్మ వేళ్ళకు ఎక్కి, మెటికల దగ్గర ఆగింది. సొన్నమ్మది గంపలు మోసిన చెయ్యి, రుబ్బురోలు తిప్పిన చెయ్యి. బొటనవేలు మడిచాడు. ఒత్తాడు. గుప్పిట బిగుసుకునే ఉంది. కథ చెప్పాలి. ఏనుగు మళ్ళీ రాలేదు. ఆదివారం టిక్కుమన్న చప్పుడు చెవిలో ఉంది.

"అత్తా," అన్నది ఆశ, పడుకునే, పైకప్పు చూస్తూ. "మాలూరులో ఆ బావి కాడామె ఉండాది కదా. ఆమె మా చిన్నమ్మకు తెలుసు."

"ఏమి?"

"అవునత్తా. ఇంకో చేతికి ఎవురూ తుమ్మలేదని ఆమె హొసకోటెకి పొయ్యి ఏనుగునే నిలదీసింది. ఏనుగేమనిందో తెలుసా? తుమ్మేదానికేం, తుమ్ముతా గానీ, నగర్తపేటలో ఒక ముసలాయన ఉండాడు, వానికి చెప్పండి, నాకు పొడుం అలవాటు చేసిందే వాడు, ఇప్పుడు తెచ్చియ్యకుండా తిరగతా ఉండాడు అనింది."

సొన్నమ్మ ముందు ఆపుకోవాలని చూసింది. ముక్కుపొడుం డబ్బీ మొగుడి నడుము దగ్గర పంచెలో దోపుకుని ఉంది, అందరికీ కనిపిస్తూ. ఆమె కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళలో వారం రోజుల నీళ్ళు, నవ్వు కలిసే వచ్చాయి.

గాజు మెటికలు దాటి మణికట్టు మీదికి జారింది.

వెంకటరాయప్ప దాన్ని చూసి ఒక క్షణం నమ్మలేదు. తరువాత రెండోది ఎత్తుకున్నాడు. ఆశ చెబుతూ పోయింది, ఏనుగు బస్సెక్కింది, కండక్టర్ తొండానికి వేరే టికెట్టు అడిగాడు, నర్సు ఒక చేత్తో నోరు మూసుకుని ఇంకో చేత్తో ఆశ ముంజేతిని తడుముతూ నరం వెతుక్కుంది. పచ్చగాజులు ఆశ చేతి నుంచి సొన్నమ్మ చేతికి ఒక్కొక్కటే పోయాయి. ఒకటీ పగల్లేదు, ఒకటీ కింద పడలేదు. చివరిదీ ఎక్కేసరికి సూది కూడా దిగింది. ఆశకు అది ఎప్పుడు దిగిందో తెలియలేదు.

ఎర్రమందు సన్నటి గొట్టంలోంచి చేతివైపు దిగుతూ ఉంది. సొన్నమ్మ చెయ్యి పైకెత్తి కిటికీ వెలుతురులో తిప్పి చూసుకుంది.

"అయితే ఆ పైల్వాన్ పెండ్లాం సంగతి నిజమేనా ఏమి?"

వెంకటరాయప్ప చేతికున్న సబ్బు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "అబద్ధమే మే. పైల్వానే లేడు."

"నలభై ఏండ్లు..."

"ఇవి నీ చేతికి ఎక్కినాయే, ఇదొక్కటే నిజం. ఇదే జరిగింది."

"ఇది చెప్తే ఎవురు నమ్ముతారు మామా?" అన్నది ఆశ.

"నమ్మకపోతే నవ్వుతారు. నవ్వితే చాలు నాకు."

సొన్నమ్మ వాళ్ళ మాటలు వినడం లేదు. ముందుకు వంగి, కోడలి కడుపు దగ్గర చెయ్యి పెట్టి, గాజులు మెల్లగా ఆడిస్తూ ఉంది.